పరుపుల కొట్టు పిట్ట

మా కొట్టుకి బోర్డు ఉంది. దాని మీద తాత పేరు ఇంతేసి అక్షరాలతో రాయించారు. వీధిలో ఒక్కరూ దాన్ని తలెత్తి చదివిన పాపాన పోలేదు. అందరికీ మాది నిద్రపిట్ట కొట్టు. మా దగ్గర కుట్టింది పరుపైనా దిండైనా, ఓ మూల తెల్లగుడ్డ ముక్క మీద నీలి సిరాతో పిట్ట గుర్తు పడాల్సిందే. గుండ్రటి ఒళ్ళు, పొట్టి ముక్కు, వాలిన రెప్ప. అది లేకపోతే జనం పరుపుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీది కాదేమో" అని వెళ్ళిపోతారు.

పడుకునే సరుకు మీద పడుకున్న పిట్ట. ఈ తెలివి తనదేనని నాన్న నమ్మకం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ, అడిగినా అడగకపోయినా, "హాయిగా నిద్దరపోయే పిట్టని చెక్కమని మా ఆవిడకి నేనే చెప్పానండీ" అంటాడు. చెక్కింది అమ్మ. పెళ్ళైన కొత్తలో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అచ్చులు చెక్కుకునే లినోలియం ముక్క మీద చెక్కింది. ఆ సంగతి నాన్న కథలో చివరికెప్పుడో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. అమ్మ మాత్రం వెనకగదిలో దిండ్లలో దూది కూరుతూ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది.

ఈసారి వానలకి వెనకగది కప్పు కారింది. అచ్చు పెట్టిన అరలోకి నీళ్ళు దిగి, దిమ్మ చెక్క ఉబ్బి, దానికి అతికించిన లినోలియం ఒక అంచున లేచింది. బుద్ధున్నవాళ్ళయితే ఆరబెట్టి, జిగురు పెట్టి, అప్పుడు వాడతారు. నాన్న దాన్నలాగే గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దాడు. తోక దగ్గర టప్పున విరిగింది.

అదే వారంలో ఫోమ్ కంపెనీ ఏజెంటు దిగాడు. ఇలాంటివాళ్ళకి ఎవరు కబురు పెడతారో నాకు తెలియదు. మడత నలగని చొక్కా, చేతిలో ఫోమ్ ముక్క ఒకటి. దాన్ని వేలితో నొక్కి వదులుతూ మాట్లాడాడు. తాత బోర్డు తీసేసి కంపెనీ బోర్డు పెట్టాలట. దూది బస్తాలు ఎత్తించేయాలట. పరుపులు ప్లాస్టిక్ కవర్లలో చుట్టుకుని లారీలో వాటంతటవే వస్తాయట. నాన్న కుర్చీలో కూర్చుని అమ్ముకోవడమేనట. నెలాఖరుకి మళ్ళీ వస్తాను, ఆలోచించుకోండి అన్నాడు.

నాన్న ఆలోచించేశాడని ఆయన మొహమే చెప్పింది. బస్తాలు మోసి మోసి ఆయన నడుం ఎప్పుడో పోయింది. దుమ్ముకి దగ్గు సరే సరి. నాకు జాలి లేక కాదు. కానీ నాకు ఈ పనంటే ఇష్టం, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. గడ్డకట్టిన దూదిని విదిలించి విదిలించి మబ్బుముక్కలా చేయడం ఇష్టం. పరుపు నాలుగు మూలలూ సమంగా నిండాయా లేదా అని మోకాళ్ళతో నొక్కి చూడడం ఇష్టం. ఎవరో ఎక్కడో పోసిన ఫోమ్‌ని కవరు విప్పకుండా అమ్మడానికి నేనెందుకు, గోడకి మేకు కొట్టి ధర చీటీ తగిలిస్తే చాలదూ?

"కొట్టు నాకివ్వు," అన్నాను ఆ సాయంత్రం.

"నువ్వు కుట్టగలవే. కొట్టు నడపడం వేరు," అన్నాడు నాన్న. "అయినా ఇంకేముంది నడపడానికి? గుర్తే పోయె. గుర్తు లేని పరుపు మన దగ్గర ఎవడు కొంటాడు?"

"గుర్తు నేను చెక్కుతా."

నాన్న నవ్విన నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "కూరగాయలు తరిగినట్టు కాదు తల్లీ అది. సరే, చెక్కు. కొత్తదాన్ని పాతదాని పక్కన పెడితే నాకు తేడా తెలియకూడదు. అలా చెక్కి చూపించావా, కొట్టు నీది, నేను కాళ్ళు చాపుకుని కూర్చుంటా. లేదా, ఏజెంటు వచ్చిన రోజున ఇంకో మాట మాట్లాడకూడదు."

"మాట తప్పవుగా?"

"నేనెప్పుడు తప్పానే?" అన్నాడు. అది నిజమే. ఆయనకున్న సుగుణాల్లో అదొకటి, మిగతావి వెతకాలి.

అమ్మ అటకెక్కి ఒక రేకు డబ్బా దింపి నా చేతిలో పెట్టింది. లోపల నూనెగుడ్డలో చుట్టిన చిన్న ఉలులు. ఒకదాని మూతి మడతపెట్టిన కాగితంలా కోసుగా ఉంది, గీతలకి. ఒకదాని మూతి గరిటెలా వంపుగా ఉంది, ఖాళీ జాగా తవ్వి పారెయ్యడానికి. బొమ్మలు వేసే సామాన్ల కొట్టుకెళ్ళి లినోలియం పలకలు మూడు తెచ్చుకున్నాను. వెనకంతా గోనె గుడ్డ, ముందు నున్నటి బూడిదరంగు, అవిసె నూనె వాసన. పాత గలీబు మీది పిట్ట గుర్తుని పల్చటి కాగితం మీదకి ఎక్కించి, ఆ కాగితాన్ని తిరగేసి కార్బన్‌తో, దిమ్మకి అతికించిన పలక మీదకి దింపాను. పిట్ట ఒళ్ళంతా మిగలాలి, చుట్టూ ఉన్నది పోవాలి. ఎంత సులువు, అనుకున్నాను.

మొదటి పలక చలిపొద్దున మొదలుపెట్టాను. అది రాయిలా బిగుసుకుంది. ఉలి దిగదు, దిగితే ఆగదు. ముక్కు దగ్గర జారి, పిట్ట ముక్కుతో పాటు నా ఎడమ బొటనవేలిని కూడా చెక్కేసింది. 

"ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకాల ఉండాలే," అంది అమ్మ, గుడ్డ చుడుతూ. "ముందు పెడితే దానికి నువ్వూ పిట్టా ఒకటే."

"ఇది ముందు చెప్పొచ్చుగా?"

"ముందు చెబితే వింటావా నువ్వు?"

వినను, ఒప్పుకుంటాను. కట్టు చూసి నాన్న, "పిట్ట కరిచిందా?" అని అడిగి తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

రెండో పలకకి అమ్మ ఇస్త్రీపెట్టె తెచ్చింది. పలక మీద గుడ్డ పరిచి కాసేపు వెచ్చబెడితే లినోలియం చల్లారిన మైనంలా మెత్తబడుతుంది, ఉలి హాయిగా పోతుంది. అంత హాయిగా పోయిందని నేను రెచ్చిపోయాను. రెక్కల అంచులు నిటారుగా, ఇంకా చెప్పాలంటే లోపలికి ఒంపి మరీ కోసి, ఎంత పదునుగా వచ్చిందోనని మురిసిపోయాను. గుడ్డ మీద గుద్దిన మొదటి గుర్తు బ్రహ్మాండం. కొన్ని గుద్దులయ్యాక అంచులు ఊడి సిరాతో పాటు గుడ్డకి అంటుకుపోయాయి. ఆ పిట్టకి బొచ్చు పీకేసినట్టయింది. నేనైతే అయినా బాగానే ఉందన్నాను. 

"కాకి పిల్ల కాకికి ముద్దు," అంది అమ్మ. "గట్టు ఎలా పోస్తారు? కింద వెడల్పు, పైన సన్నం. కింద తొలిచేస్తే పైన నిలబడేదేంటి? ఉలిని బయటికి ఒరిగించు. ఇంకోటి, వంపు వచ్చినచోట నీ చెయ్యి తిప్పకు. ఉలిని అక్కడే ఉంచి దిమ్మని తిప్పు."

"కొట్టు నీకిస్తే ఒకపూట బేరం, ఒకపూట చెక్కుడు. జనం పరుపులకి బదులు చాపలు కొనుక్కుంటారు," అని నాన్న గుమ్మంలోంచి ఒక మాట విసిరి పోయాడు. ఆయన ఎంత ఎగతాళి చేస్తే నాకు అంత పట్టుదల పెరుగుతుందని ఆయనకి ఇన్నేళ్ళైనా తెలియకపోవడం విడ్డూరం.

మూడో పలక. ఈసారి పలక వెచ్చగా, చెయ్యి వెనకగా, ఉలి ఒరిగి, దిమ్మ తిరుగుతూ ఉంది. పొద్దున కొట్టు తెరవకముందు కొంత, మధ్యాహ్నం బేరాల్లేని వేళ కొంత. తోక వచ్చింది. ముక్కు వచ్చింది. తల మీద రెప్ప గీత కోసుమూతి ఉలితో ఒక్క వంపులో లాగాను. దించుకున్న రెప్పలా, కింది సగం మాత్రమే ఉన్న చందమామలా ఉంటుంది ఆ గీత. నేను దాన్ని లాగుతున్నప్పుడు అమ్మ నా భుజం వెనక నిలబడి చూస్తోంది. ఏదో అనబోయింది. 

"ఏంటి? తప్పా?"

"తప్పేం లేదు. అచ్చం అలాగే ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది రెక్క. అక్కడ చిక్కొచ్చిపడింది. గలీబుల మీది గుర్తుల్లో రెక్క గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మరకలా ఉంటాయి. కింద ఎన్ని ఈకలున్నాయో, ఎటు వాలాయో పాత దిమ్మ మీద చూద్దామంటే, దాని నిండా ఏళ్ళ తరబడి ఎండిన సిరా తారులా పేరుకుపోయింది. విరిగిన దాన్ని కడిగితే పోయేదేముందని పళ్ళెంలో కిరసనాయిలు పోసి నానబెట్టాను. పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాను. నల్లటి పొరలు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి. రెక్క కింద ఈకలు బయటపడ్డాయి, ఒక్కొక్కటీ వేరుగా, దువ్వినట్టు. అమ్మ చేతిలో ఇంత పనుందా అని నోరు తెరుచుకుని చూశాను. అదే చేత్తో తల కూడా రుద్దాను.

రెప్ప గీత సాగడం మొదలుపెట్టింది. సిరా పెచ్చు ఊడేకొద్దీ ఆ వంపు పైకి పాకి, చుట్టూ తిరిగి, మళ్ళీ తనలో తను కలిసింది. గుండ్రటి గీత. దాని మధ్యలో మిరియపు గింజంత చుక్క.

అది రెప్ప కాదు. కన్ను. పిట్ట కళ్ళు తెరుచుకునే ఉంది. గీత పై సగంలోకి సిరా దూరి, ఎండి, పూడుకుపోయి, కింది సగం ఒక్కటే గుడ్డ మీద పడుతోంది ఇన్నాళ్ళూ. మేమంతా దాన్ని నిద్ర అనుకున్నాం.

దిమ్మ చేత్తో పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళాను. "ఇదేంటమ్మా?"

అమ్మ దూది చేతులతోనే అందుకుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. 

"కడిగావా," అంది. 

"నాన్న నిద్దరపోయే పిట్టని చెక్కమన్నానంటాడు?"

"ఏదో ఒక పిట్టని చెక్కవే అన్నారు. నేను కళ్ళు తెరిచి చూసే పిట్టని చెక్కాను. పని అయ్యాక కడగండి, సిరా పూడుకుపోతోంది అని మొదట్లో రోజూ చెప్పాను. రేపు కడుగుతా అనేవారు. ఏడాది తిరక్కుండా కన్ను మూసుకుపోయింది. ఈలోగా జనం నిద్రపిట్ట, నిద్రపిట్ట అని ఎగబడ్డం మొదలెట్టారు. ఇంక నేనేం చెప్పను? మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత పని ఎక్కువై అదీ రాలేదు."

ఆ చివరి మాట ఆవిడ మామూలుగానే అంది. ఏడవడానికి కూడా తీరిక లేకుండా ఆవిడ కూర్చుని కూరిన దిండ్ల మీద ఊరంతా నిద్రపోయింది.

"చెక్కుతా," అన్నాను. "కన్ను తెరిచే చెక్కుతా."

అమ్మకి కోపం వచ్చింది. ఆవిడకి కోపం రావడం నేను పెద్దగా చూడలేదు. "మతి పోయిందా? మీ నాన్న పెట్టిన షరతేంటి? తేడా తెలియకూడదని. వీధిలో గుడ్డివాడికైనా తెలిసిపోతుంది ఈ తేడా. రెప్ప అచ్చంగా కుదిరింది నీకు. రెక్క పూర్తిచేసి చూపించు, కొట్టు తీసుకో. ఇన్నేళ్ళు పడుకున్న పిట్ట, ఇప్పుడు లేచి ఏం ఉద్ధరిస్తుంది?"

ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. గెలుపు నా చేతిలోనే ఉంది, కన్ను మూసుకుని. చెయ్యాల్సిందల్లా దాన్ని ముట్టుకోకపోవడమే. ఆ పగలంతా రెక్క మీద ఈకలు కోశాను, అమ్మవి ఎలా ఉన్నాయో అలా. కోస్తున్నంతసేపూ ఆ రెప్ప నా కంట్లో నలుసులా ఉంది. సిరా మురికిని చూసి చెక్కిన గీత అది. నాన్న బద్ధకానికి నేను పదును పెట్టి ముద్దుగా తీర్చిదిద్దిన నకలు. రేపు కొట్టు నాదయ్యాక, ప్రతి పరుపు మూలన దాన్ని నా చేత్తో గుద్దాలి. వెనకగదిలో అమ్మ ఉండగా.

లినోలియంలో కోసింది మళ్ళీ అతకదు. గీత తక్కువైతే పెంచొచ్చు, ఎక్కువైతే దేవుడు కూడా పూడ్చలేడు. కన్ను ఒకసారి తెరిచానంటే మూయడం నా తరం కాదు. మరో పలక చెక్కే వ్యవధీ లేదు, మర్నాడే ఏజెంటు వస్తాడు. అన్నీ తెలిసే పలక వెచ్చబెట్టాను. కోసుమూతి ఉలిని రెప్ప చివర ఆనించాను. చెయ్యి కదపకుండా, ఊపిరి కూడా బిగబట్టి, దిమ్మని నెమ్మదిగా తిప్పాను. సన్నటి లినోలియం పోగు ఉలి ముందు చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. గీత మొదలుపెట్టినచోటుకి తిరిగొచ్చి ఆగింది. మధ్యలో చుక్క నిలబడింది. 

భయం వేసింది, అబద్ధమెందుకు. కానీ కొట్టు పోతుందని, చేసినందుకు కాదు.

మర్నాడు ఏజెంటు కంపెనీ లేబుళ్ళ నమూనాలు పట్టుకుని వచ్చాడు. నాన్న బల్ల మీద పాత గలీబు పరిచి, పక్కన తెల్లగుడ్డ పెట్టి, "ఏదీ, తే," అన్నాడు. నేను దిమ్మకి రోలరుతో సిరా పూసి ఇచ్చాను. నాన్న గుద్దాడు. ఎత్తాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. 

"తేడా ఉంది," అన్నాడు.

"ఉంది."

"కన్ను తెరిచేశావు."

"నేను తెరవలేదు. మూసింది నువ్వు," అని కడిగిన పాత దిమ్మని బల్ల మీద పెట్టాను.

నాన్న దాన్ని తీసుకున్నాడు. బొటనవేలితో ఆ గుండ్రటి గీతని తడిమాడు, ఒకసారి కాదు. ఏజెంటు తొంగిచూసి, "నిద్దర లేచిన పిట్టని పరుపు మీద వేస్తే కొన్నవాడికి నిద్దరెలా పడుతుందండీ?" అని నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఫోమ్ ముక్క నొక్కుకున్నాడు.

"ఏమేవ్, ఇలా రా," అని నాన్న వెనకగది వైపు కేకేశాడు. అమ్మ వచ్చింది, జుట్టు నిండా దూది. "నువ్వు చెక్కినప్పుడు ఇది ఇలాగే ఉందా?"

"ఇలాగే ఉంది."

"నాకు చెప్పలేదేం?"

"కడగమని చెప్పానుగా."

నాన్న దిమ్మని మళ్ళీ కళ్ళకి దగ్గరగా పట్టుకున్నాడు. నేను ఉలులు నూనెగుడ్డలో చుట్టడం మొదలుపెట్టాను. షరతు షరతే. నేను ఓడిపోయాను, దాని మీద పేచీ పెట్టదలుచుకోలేదు.

"ఆగు," అన్నాడు నాన్న. "పాతదాని పక్కన పెడితే తేడా తెలియకూడదన్నాను. ఇదీ పాతది," అని చేతిలో దిమ్మని చూపించాడు. "గలీబు మీదున్నది నా మురికి. అది లెక్కలోకి రాదు." అమ్మ వైపు తిరిగి, "నువ్వు అటు తిరిగి వీధి చూడు," అన్నాడు.

అమ్మ తిరిగింది. నాన్న పాత దిమ్మకి సిరా పూసి, విరిగిన ముక్కని వేలితో నొక్కిపట్టి, ఒకచోట గుద్దాడు. దాని పక్కనే కొత్తది గుద్దాడు. రెండు పిట్టలు పడ్డాయి, రెండూ మేలుకుని. పాతదాని తోకలో విరుగు గీత కనబడుతోందని రెండు తోకల మీదా రెండు అరచేతులూ కప్పాడు. సిరా అంటుకుంటుందని కూడా చూసుకోలేదు.

"ఇప్పుడు తిరుగు. వీటిలో నువ్వు చెక్కింది ఏది?"

అమ్మ బల్ల మీదకి వంగింది. నాన్న కళ్ళజోడు ఆయన ముక్కు మీంచే తీసి పెట్టుకుంది. ఈకలు చూసింది. కన్ను చూసింది. వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. అమ్మ మొహం మెల్లగా విప్పారింది. అంత పడుచు మొహం ఆవిడకి ఉందని నాకు తెలియదు.

"ఇది," అని వేలు పెట్టింది. "నా ఉలి తెలియదా నాకు? ఈకలు ఇంత పదునుగా ఉండేవి. ఇదే నాది."

నాన్న ఆ పిట్ట తోక మీంచి చెయ్యి తీశాడు. విరుగు లేదు. అమ్మ ఆ తోక వైపు చూసి, నా వైపు చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏజెంటు గారూ, టీ తాగి వెళ్ళండి," అన్నాడు నాన్న. తర్వాత నీలి చేతులు తుడుచుకోకుండానే కుర్చీని నా వైపు తోశాడు. "ఇంకా నిలబడ్డావేం? గుర్తు లేకుండా అన్ని పరుపులు పడున్నాయి. కానియ్."